వంటక్క చేపల గుంట

వంటక్క పోయింది. జావా దీవిలో, కొండల మధ్య ఉన్న తన ఊళ్ళో, తన ఇంట్లోనే పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. తెలియని దేశం నెంబరు. ఊళ్ళో ఎవరికేమైందో, అల్లుడి ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఏమైందో అనుకుంటూ, అది మోగుతున్నంతసేపూ చూస్తూ కూర్చున్నాను. కువైట్ దేశం మంగఫ్‌లో నా కూతురి దగ్గరే ఉంటున్నాను ఇప్పుడు. అది వంటింట్లోంచి కేకేసింది.

"ఎత్తుమా. అదేమన్నా కరుస్తాదా?"

ఎత్తాను. అవతల ఆ పిల్ల. పిల్ల అంటున్నాను గానీ దానికీ పెళ్ళీడు కొడుకున్నాడు. సౌదీలో పనిచేసినప్పుడు నేర్చుకున్న అరబ్బీలో, "ఖాలా, మా అమ్మ ఖలాస్" అంది, అంటే పిన్నీ, మా అమ్మ అయిపోయింది అని. ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఆగిన గొంతులా ఉంది. తెల్లవారి నమాజు వేళ పోయిందట. ముందు రోజు సాయంత్రం వరకూ ఇంటి ముందు చేపల గుంట గట్టు మీదే కూర్చుందట.

అడగాల్సినవన్నీ అడిగాను. నొప్పి పడిందా, నోట్లో నీళ్ళు పోశారా, పక్కన ఎవరున్నారు అని. ఒక్కటి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ గుంటను ఇప్పుడేం చేస్తావు అని. తల్లి చనిపోయిన పిల్లను పట్టుకుని చేపల గుంట సంగతి అడిగితే ఏం బాగుంటుంది? కానీ ఫోన్ పెట్టేశాక నా ఆలోచనంతా దాని చుట్టూనే తిరిగింది. వంటక్క చివరి పదేళ్ళూ పోట్లాడింది ఆ గుంట కోసమే. పూడ్చనియ్యనని ఆమె, పూడుస్తానని కూతురు.

ఇది చదివేవాళ్ళకు అర్థం కావాలంటే ఆ ఊరి గురించి చెప్పాలి. నేనా ఊరు చూడలేదు. ఇదే కువైట్ దేశంలో, జహ్రాలో ఒక పెద్దింట్లో, మేడమీది చిన్న గదిలో, పక్క పక్కన పరుపులేసుకుని ఏళ్ళ తరబడి విన్నాను. ఆమె వంట, నాది ఇల్లు తుడవడం, బాత్రూములు కడగడం, బట్టలు ఇస్త్రీ. ఆమెకు అందమైన పేరే ఉండేది. ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. నాకంటే పెద్దది కాబట్టి నేను వంటక్కా అనేదాన్ని. ఆమె నన్ను ఉఖ్తీ అనేది, అంటే చెల్లీ అని. మేం మాట్లాడుకున్నది వంటింటి అరబ్బీలో. ఆ ముక్కల అరబ్బీని ఇక్కడ మా కడప వైపు మాటలోకి దింపుకుంటున్నాను. నా చెవికి ఆమె అట్లాగే వినబడేది మరి.

ఆ ఊరికి బస్సు పోదు. కింద పట్నంలో దిగి, మోటారు సైకిలు వెనక కూర్చుని తేయాకు తోటల్లోంచి ఎక్కాలి. వాన పడితే అదీ జారుతుంది, దిగి నడవాలి. ఇళ్ళు వెదురు తడికలవి. రాళ్ళ మీద చెక్కలు పరిచి ఆ పైన కట్టుకుంటారు, కింద కోళ్ళు తిరుగుతుంటాయి. పొద్దున మంచు దిగితే ఎదురింటి మనిషి కనబడదట, దగ్గు మాత్రం వినబడుతుందట. ఊరి నెత్తిన ఒక కొండ. కొండ నెత్తిన పొగ.

"పొగెందుకు అక్కా?"

"లోపల నిప్పుండాది."

"అది పేలితే? పిల్లోల్ని ఎత్తుకోని యాపక్కకు పరిగెత్తాల?"

"మా నాయన సిన్నప్పుడు పేలిందంట. ఊరంతా బూడిద. మరుసటేడు వరి ఇరగపండిందంట."

"సచ్చినోళ్ళు లేరా?"

"ఉండారు. వాళ్ళ మళ్ళు గూడా బాగనే పండినాయి."

ఆమె అలా చెప్పి అటు తిరిగి పడుకునేది. నేను ఆ కొండను నా గుండెల మీద పెట్టుకుని కూర్చునేదాన్ని.

వరి అంటే అక్కడ ఒక ఆడమనిషట. వాళ్ళు నమాజు చేసుకునేవాళ్ళే, అయినా వరికి మాత్రం ఆడపిల్ల మర్యాద. కొడవలి చూస్తే భయపడుతుందని, వేలెడంత కత్తిని అరచేతిలో దాచుకుని, ఒక్కొక్క కంకీ కోసేవాళ్ళట. ఆ కత్తి పట్టిన గుర్తు ఆమె చూపుడు వేలికి ఉండేది, గట్టిపడిన చర్మం. జహ్రాలో బియ్యం కడిగేటప్పుడు కూడా గిన్నెలో చెయ్యి మెల్లగా తిప్పేది, పసిబిడ్డకు తల రుద్దినట్టు.

ఇక గుంట. ఊరి పైన ఊట ఉంది. ఆ నీళ్ళు వెదురు గొట్టాల్లో దిగి మొదటి ఇంటి ముందున్న గుంటలో పడతాయి. అది నిండి పొర్లితే కిందింటి గుంటలోకి. అది నిండితే దాని కిందింటికి. అలా ఇల్లిల్లూ దిగి చివరకు వరిమళ్ళలోకి పోతాయి. రాత్రీ పగలూ ఆ చప్పుడేనట. కువైట్‌కు వచ్చిన కొత్తలో ఆ చప్పుడు లేక నిద్ర పట్టలేదని, బాత్రూములో కొళాయి సన్నగా వదిలి పడుకునేది. నీళ్ళు వృథా చేస్తున్నామని మామా ఎక్కడ కనిపెడుతుందోనని నేను లేచి కట్టేసేదాన్ని. ఆమె లేచి మళ్ళీ వదిలేది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, అందరం అలాగే పిలిచేవాళ్ళం.

ఒకరోజు మధ్యాహ్నం వంటింట్లో ముగ్గురం అన్నం తింటున్నాం. మూడో మనిషి ఇంటి డ్రైవరు. రాయచోటి వైపు వాడు, నన్ను పెద్దమ్మా అనేవాడు. నోటికి హద్దు లేదు గానీ మంచి పిల్లాడే. గుంట మూలలో వెదురు బొంగులు రెండు వేసి, నడుమెత్తు తడిక కట్టి ఉంటుందని వంటక్క చెబుతోంది.

"ఎందుకది, బట్టలుతికేదానికా?" అన్నాడు వాడు.

"దొడ్డికి కూసునేదానికి."

"గుంటలోనా?"

"పైన. మనం పైన, గుంట కింద."

"మరి చేపలు?"

"కాలి చప్పుడు యింటానే వచ్చేస్తాయి. నోళ్ళు తెరుచుకోని."

వాడి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. నేనైతే కంచం జరిపేశాను.

"ఆ చేపల్నే తింటారా?" అన్నాడు.

"మరి ఊరికే సాకుతామా?" అంది ఆమె. "తినేముందు బుట్టలో ఏసి పారే నీళ్ళల్లో పెడతాం. కడుపు కడుక్కుంటాయి. ఆనెక పసుపు రాసి యేపితే ఎట్లుంటాదో మీకేం తెలుసు."

"అన్నం తినేకాడ అట్లా మాటలు చెప్పొద్దు తల్లీ" అన్నాడు వాడు.

"మీ ఊర్లో యాడికి పోతారు?"

"మేమా? బయలుకు. ముళ్ళకంప సాటుకు."

"ఆనెక అది ఏమైతాది?"

"ఏమైతాది, ఎండకు పోతాది. ఏమన్నా మిగిల్తే పందులుండాయి."

"పందుల్ని ఎవురు తింటారు?"

"మేం తినం. తినేవోళ్ళు తింటారు."

వంటక్క కాసేపు నమిలింది. "అయితే మీకంటే మేమే నయం. మాది మేమే తింటాం, ఇంకోళ్ళకు పెట్టం."

డ్రైవరు లేచి వెళ్ళి చెయ్యి కడుక్కున్నాడు. వాడి నవ్వు కారు దాకా వినబడింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ రోత నాకు ఇప్పటికీ పోలేదు. మనిషి పోయింది కదా అని, ఆ గుంట గంగాజలమని రాయలేను.

ఇంకోసారి, ఉడికించిన సోయా గింజలను ప్లాస్టిక్ కవర్లో కట్టి, నీళ్ళ హీటరు పక్కన వెచ్చగా పెట్టి బూజు పట్టించింది. తెల్లగా, మెత్తగా, ఎలుక బొచ్చులాగా. గది తలుపు తీయగానే ఆ వాసనకు నేను మెట్లెక్కిన దారినే దిగిపోయాను. ఆమె దాన్ని ముక్కలు కోసి వేపుకుని, కరకరమని నములుతూ, "నీ మొకం చూస్తే నాకు ఇంకో రెండు ముక్కలు ఎక్కువ పోతాండాయి" అని నవ్వింది.

ఆమెకు దేనిమీదా అసహ్యం ఉండేది కాదు. పిల్లల గుడ్డలు, చేప పేగులు, మురికి కాలువలో చెయ్యి, అన్నీ ఒకటే. కానీ ఒక్కదానికి మొహం తిప్పేసుకునేది. ఆ ఇంట్లో శుక్రవారం చుట్టాలొస్తే బండి చక్రమంత పళ్ళెంలో అన్నం, మీద పొట్టేలి మాంసం. చుట్టూ కూర్చుని అంచుల్లో కాస్త కెలికి లేస్తారు. నడిమి అన్నం కొండలాగా అట్లాగే ఉంటుంది. దాన్ని నల్ల కవర్లలోకి దొబ్బేయడం నా పని. సాయంత్రానికి ఎండకు ఆ కవర్లు ఉబ్బి, లోపల నెయ్యి పులిసి, పట్టుకుంటే వేడిగా, బతికున్న దేన్నో పట్టుకున్నట్టు ఉండేది. చెత్త డబ్బా దగ్గర ఆ కంపు, ఆ ఈగలు. మా ఊళ్ళో అన్నం మెతుకు తొక్కితే కళ్ళకద్దుకున్నదాన్ని నేను. ఆమెకైతే అది ఆడమనిషిని కవర్లో కుక్కినట్టే. నా దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట "ఛీ". దాన్ని ఆమె వాడింది ఆ కవర్ల దగ్గరే. "ఇది యాటికి పోతాది?" అని అడిగేది. లారీ వస్తుంది, తీసుకుపోతుంది అనేదాన్ని. "యాటికి?" అని మళ్ళీ. నాకేం తెలుసు.

ఆ ఇంటి ముందు తోటలో ఒక ఫౌంటెను ఉండేది. అందులో మామా ముచ్చటపడి తెప్పించుకున్న చేపలు, ఎరుపూ తెలుపూ మచ్చలవి. వంటక్క వాటిని చూడగానే పోల్చుకుంది. వాళ్ళ గుంటలో పెరిగేది ఈ జాతేనట, మన వైపు బంగారుతీగ అంటారే, దానికి రంగులేసినట్టు ఉంటాయి. ఇక రోజూ మిగిలిన అన్నంలో నెయ్యి పోయేలా కడిగి, పిడికెడు పిడికెడుగా వాటికి వేసేది. చేపలు దుక్కల్లా తయారయ్యాయి. మామా అందరికీ చూపించుకుని మురిసిపోయేది.

ఆ తర్వాత మామా పెద్దకూతురిని చూసుకోవడానికి అబ్బాయి తరఫు ఆడవాళ్ళొచ్చారు. ఇల్లంతా అత్తరు, ఊదు పొగ. నేను పైన ఇస్త్రీలో ఉన్నాను. కిందికొచ్చేసరికి మాంసం పళ్ళెం పక్కన ఇంకో పళ్ళెం లోపలికి పోతోంది. పసుపు, అల్లం, నిమ్మగడ్డి వాసన. వాళ్ళ ఊళ్ళో పిల్లను చూడ్డానికొస్తే ఇంటి గుంటలో చేపే పెట్టాలి. బజారు చేప పెడితే ఈ ఇంటికి గుంట లేదు, గతి లేదు అని చెప్పుకున్నట్టు. ఆమె మామా పరువు కాపాడింది, తన లెక్కలో.

పళ్ళెం సగం ఖాళీగా తిరిగొచ్చింది. వెనకాలే మామా వచ్చింది, సంతోషంగా. ఏం చేప ఇది, వాళ్ళకు తెగ నచ్చింది అంటూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. అప్పుడు పళ్ళెం అంచున మిగిలిన తోలు కనబడింది. ఎరుపూ తెలుపూ.

"ఏ చేప ఇది?" అంది, ఈసారి మెల్లగా.

"మన ఇంటిదే మామా. పెద్దది. పెండ్లి మాటలకొచ్చినోళ్ళకు బయటి చేప పెడితే మర్యాద గాదు."

మామా స్టూలు మీద కూర్చుండిపోయింది. పోలీసు స్టేషను, విమానం, ఇంటికి పంపేయడం, అన్నీ నా కళ్ళముందు తిరిగాయి. గుమ్మంలో డ్రైవరు నిలబడి ఉన్నాడు. ఆమెను కాపాడదామని అన్నాడో, నోరు ఊరుకోక అన్నాడో ఈనాటికీ తెలియదు.

"పోనీలే మామా, నీ ఫౌంటెను నీళ్ళన్నా శుభ్రం. వాళ్ళ ఊర్లో చేపలు ఏం తింటాయో అడుగు."

అడిగింది. వంటక్క చెప్పింది, దాచాల్సిందేముంది అన్నట్టు. మామా లేచి కొళాయి తిప్పి నోరు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. సబ్బు వేలితో నాలుక రుద్దుకుంది. పళ్ళెం, బాణలి, కత్తి, చేప వేపిన గరిటె, అన్నీ నల్ల కవర్లో వేయమని నాకు చెప్పింది. లోపల హాల్లో ఆడవాళ్ళు టీ తాగుతూ పకపకా నవ్వుతున్నారు. వాళ్ళకెవరూ చెప్పలేదు. ఆ సంబంధం కుదిరింది కూడా.

మర్నాటి నుంచి వంటక్క వంటింట్లో అడుగు పెట్టలేదు. కొత్త మనిషిని తెచ్చారు. వంటక్కకు బాత్రూములు అప్పజెప్పారు. నీళ్ళు తాగే గ్లాసు వేరు, కంచం వేరు. అంతకుముందు ఏళ్ళ తరబడి ఆమె చేతి వంట తిని బుగ్గలు పెంచిన పిల్లలే, ఆమె పక్కనుంచి పోతుంటే ముక్కు మూసుకుని పరిగెత్తేవాళ్ళు. ఆ పిల్లలు కిందా మీదా వదిలినవన్నీ కడిగింది ఆ చెయ్యే. అది తలుచుకుంటే నాకు గుంట మీద కలిగిన రోత ఏపాటిది అనిపిస్తుంది. ఆ ఇంట్లో ఆమె వంట చేసింది సగం కాలమే. మిగతా సగం కడిగింది. నేను మాత్రం వంటక్కా అనే పిలిచాను.

ఒక ఎండాకాలం నాకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఏదో అంటు రోగమని మామా భయపడి, పై గదికి ఎవరూ రాకూడదంది. మాత్రలు మెట్ల మీద పెట్టించేది. లేచి బాత్రూము దాకా పోయే ఓపిక కూడా లేదు. పరుపు పాడైపోయింది. నా వాసనకు నాకే ఓకరింపు వచ్చి, మొహం గోడవైపు తిప్పుకుని, నన్నిట్లా చూడొద్దు అక్కా, కింద పడుకో పో అని ఏడ్చాను. ఆమె నా చీర విప్పి పక్కన పడేసి, నన్ను దొర్లించి, వేడి నీళ్ళ గుడ్డతో తుడిచింది. చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు. పాట కూడా పాడుతోంది నోట్లో.

"నీకు రోత లేదా అక్కా?"

"కడిగితే పోతాది గదా. పోయేదానికి రోతెందుకు?"

నా కన్నబిడ్డ కూడా అట్లా చేయదు. చేస్తుందేమో, నేను చేయనివ్వను. ఆమె దగ్గర మాత్రం పసిపిల్లలా పడుకున్నాను. ఆ రుణం ఈ నాలుగు ముక్కలతో తీరేది కాదు.

చేప సంగతి ఆమె కూతురికి ఫోన్లో తనే చెప్పింది, నవ్వుకుంటూ. అప్పుడు ఆ పిల్ల సౌదీలో ఉంది. అవతల నవ్వు వినబడలేదు. చాలాసేపు గట్టిగా మాట వినబడింది. ఫోన్ పెట్టేశాక వంటక్క ముఖం వాడిపోయి ఉంది.

"ఏమంటాంది?"

"ఆడ గూడా చెప్పుకున్యావా అంటాంది. సిగ్గు తీసినావు అంటాంది. ఊరికి పోతానే గుంట పూడ్చి బాత్రూం కడతాదంట. టైల్సు ఏస్తాదంట. మామా ఇంట్లో మాదిరి."

"కట్టనీలే అక్కా. మంచిదే గదా."

ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నా గుంట పూడిస్తే కిందింటికి ఏం పోతాది? కిందింట్లో ఉండేది నాతో కలిసి ఆడుకున్న మనిషి. నా గుంట తాగి ఇడిచిన నీళ్ళే దానికి. దానివే దాని కిందోళ్ళకు. మా మురికి మా చేపలు తింటాయి, మా మట్టి పట్టుకుంటాది. కిందికి పోయేవి ఉత్త నీళ్ళు. నడిమిట్ల ఒకటి తీసేస్తే?"

"బాత్రూముకు పైపు ఏస్తారు గదా."

"పైపు యాటికి పోతాది?"

ఆ నల్ల కవర్ల దగ్గర అడిగినట్టే అడిగింది. అప్పుడు ఇంకో మాట అంది, నాకు బాగా గుర్తు. ఇంట్లోంచి పోయేది కండ్ల ముందరే ఉండాల, కనపడకుండా పోయిందంటే ఇంకెవురి ఇంట్లోనో పడతాంటాది అని.

ఆనాటి నుంచి ఫోన్ కార్డు గీకడం, పోట్లాడటం. శుక్రవారం వస్తే అదే. కూతురు సౌదీ నుంచి ఊరికి పోయింది. ఇటుకలు తెచ్చింది, సిమెంటు తెచ్చింది. సిమెంటు గడ్డకట్టేదాకా వంటక్క ఒప్పుకోలేదు. మళ్ళీ తెచ్చింది. ఇక మోకాళ్ళు పనికిరాక, ఆ ఇంటివాళ్ళు పంపేస్తే, ఆమె ఊరికి పోయింది. పోయేముందు బాత్రూములన్నీ ఒకసారి కడిగి పోయింది, నాకు ఎంత చిరాకు వేసిందో. మామా కిందికి రాలేదు. పైనుంచి కిటికీలోంచి చెయ్యూపింది.

ఊరు చేరాక అప్పుడప్పుడూ గొంతు రికార్డు చేసి పంపేది. మా మనవరాలు ఫోన్లో పెట్టి వినిపించేది. ముందు నీళ్ళ చప్పుడు కాసేపు. తర్వాత, "ఉఖ్తీ, గుంటుండాది. నేనుండా." అంతే ఆ సందేశం. కూతురు లారీ మట్టి మాట్లాడి తెచ్చినరోజు ఆమె గుంటలో దిగి నడుమెత్తు నీళ్ళల్లో నిలబడిందట, మట్టి పోస్తే నా మీద పొయ్యమని. లారీ తిరిగి పోయింది. అది విని నాకు భయమేసింది. ముసలి ప్రాణం, ఆ మురికి నీళ్ళు, చలి. జ్వరమొస్తుందని నేను తిట్టి పంపాను. ఆమె నవ్వి పంపింది.

చనిపోయిన నలభయ్యో నాటి ప్రార్థన అయ్యాక ఆ పిల్ల మళ్ళీ ఫోన్ చేసింది, ఈసారి మనుషులు కనబడేలా. నాకు ధైర్యం వచ్చింది. అడిగాను.

"గుంట ఉండాదా?"

"చూపిస్తా చూడు ఖాలా" అంది, సంబరంగా.

ఫోన్ తిప్పింది. నీలం టైల్సు. నీలం టైల్సు గోడ ఎత్తునా. తెల్లటి సీటు, మెరిసే కొళాయి, ప్లాస్టిక్ పూలు. జహ్రాలో మేం తోమి తోమి గోళ్ళు పోగొట్టుకున్న అవే టైల్సు.

"అమ్మ ఒద్దన్యాది గదమ్మా."

"అమ్మ ఉన్నన్నాళ్ళూ ముట్టుకోలేదు గదా. అమ్మ పోయినాక నీళ్ళు ఇడిచి చేపలన్నీ పట్టి ఊరందరికీ పెట్టినాం. అమ్మ పేరు మీద. ఒక్కటి గూడా మిగిల్చుకోలేదు."

ఆ పిల్ల గొంతు కాస్త మారింది.

"సౌదీలో ఇట్లాంటివి ఎన్ని కడిగినా నేను. నన్ను ముక్కు మూసుకోని పిలిచేవాళ్ళు. నాకు ఒకటి ఉండగూడదా ఖాలా?"

ఉండకూడదని ఎట్లా అంటాను? నేనూ కడిగినదాన్నే. ఇప్పుడు మా అమ్మాయి ఇంట్లో అటువంటిదే వాడుతున్నదాన్ని. కానీ నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"పైపు యాటికి పోతాది?"

"బయటికే. రా, చూపిస్తా."

ఫోన్ పట్టుకుని గోడ వెనక్కి నడిచింది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. గోడలోంచి బూడిదరంగు పైపు ఒకటి బయటికొచ్చి, వాలులో కిందికి దిగి, గడ్డిలో ఆగిపోయింది. దాని మూతి కింద కిందింటి గుంట. లోపల ఎవరో నీళ్ళు వదిలినట్టున్నారు. పైపు గుటగుటమని, నురగతో సహా ఒక్కసారిగా కక్కింది.

ఆ గుంట అంచున ఒక ముసలామె గొంతుక్కూర్చుని ఉంది. వంటక్క వయసే. చేతిలో బియ్యం బుట్ట. నురగ తన వైపు తేలుతూ వస్తుంటే చూసింది. అరచేత్తో దాన్ని మెల్లగా పక్కకు తోసింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ తోసింది. నీళ్ళు కాస్త తేటపడేదాకా ఆగి, బుట్ట ముంచింది.